కామిక్స్‌తో ఆర్థిక చరిత్ర, సిద్ధాంతం గట్టిగా నేర్చుకోవడం ఎలా?

"బొమ్మల పుస్తకం మూడు రోజుల్లో పూర్తయింది, చదువుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంది, కానీ వారం తర్వాత ద్రవ్యోల్బణం ఎందుకొస్తుందని ఎవరైనా అడిగితే నోరు పెగలడం లేదు, ఏం చేయాలి?" ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కలేదు. అందుకే ఒకేసారి వివరంగా రాస్తున్నాను.

మీరు కామిక్‌ని కథలా చదివేశారు. కథ చదివేటప్పుడు ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి మనసు దానంతటదే దూకేస్తుంది, మధ్యలో ఏం జరిగిందో ఊహించేసుకుంటుంది. ఆర్థిక శాస్త్రంలో అలా దూకేసిన చోటే అసలు విషయం ఉంటుంది. ఒక బొమ్మలో షేర్ల ధరలు కుప్పకూలతాయి, పక్క బొమ్మలో ఉద్యోగాల కోసం జనం బారులు తీరి ఉంటారు, మధ్యలో సన్నటి తెల్లటి ఖాళీ. షేర్లు పడితే, జన్మలో ఒక్క షేరు కూడా కొనని ఫ్యాక్టరీ కార్మికుడికి ఉద్యోగం ఎందుకు పోవాలి? ఆ జవాబు ఏ బొమ్మలోనూ ఉండదు.

బొమ్మల్లో ఉన్నది చరిత్ర, బొమ్మకీ బొమ్మకీ మధ్య ఖాళీలో ఉన్నది సిద్ధాంతం. కింద చెప్పే పద్ధతంతా ఆ ఖాళీని మీ మాటలతో నింపడం గురించే.

## 1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు కానీ ఇవి లేకుండా మాత్రం కూర్చోవద్దు:

- ఒక కామిక్ పుస్తకం. ఒకేసారి ఒకటే. మూడు పుస్తకాలు పక్కన పేర్చుకుంటే ఒక్కటీ పూర్తికాదు.
- ఒక నోట్‌బుక్. ప్రతి పేజీని నిలువుగా మూడు గళ్లు చేయండి: "ముందు బొమ్మ", "మధ్యలో ఏం జరిగింది", "తర్వాతి బొమ్మ". మధ్య గడి మిగతా రెండింటికన్నా వెడల్పుగా ఉండాలి.
- కాలరేఖ గీయడానికి పొడవాటి కాగితం. మామూలు కాగితాలు నాలుగైదు అంటించినా చాలు.
- పెన్సిల్, రబ్బరు. మధ్య గడిలో రాసింది కనీసం రెండుసార్లు మారుస్తారు, అందుకే పెన్ను వద్దు.
- మాటల పట్టీ. నోట్‌బుక్ చివరి నాలుగు పేజీలు దీనికి వదిలేయండి.

మాటల పట్టీ గురించి కొంచెం చెప్పాలి. ఈ విషయం మీద పేరున్న కామిక్స్ చాలావరకు ఇంగ్లీషులో చదవాల్సి వస్తుంది. ఇంగ్లీషు మాటని అలాగే గుర్తుపెట్టుకుంటే అర్థం తెలిసిపోయినట్టు భ్రమ కలుగుతుంది. అందుకని ప్రతి కొత్త మాటకీ తెలుగు పేరు, దాని పక్కన మీ సొంత వాక్యం ఒకటి రాయండి. ఉదాహరణకి అవకాశ వ్యయం: "ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్న వాటిలో అన్నిటికన్నా మంచిది". ప్రతి ద్రవ్యోల్బణం: "ధరలు మొత్తంగా తగ్గుతూ పోవడం". వాక్యం రాయలేకపోతే ఆ మాట మీకింకా రాలేదని గుర్తు, దాని పక్కన ఒక చుక్క పెట్టి ముందుకెళ్లండి.

## 2. ఏది ముందు, ఏది తర్వాత

ముందు చరిత్ర, తర్వాత సిద్ధాంతం. చాలామంది తిరగేసి చేస్తారు, డిమాండ్ సప్లై గీతలతో మొదలుపెట్టి రెండో వారానికే విసుగుపుట్టి వదిలేస్తారు. ఎందుకు పుట్టిందో తెలియని సిద్ధాంతం బుర్రలో నిలబడదు. 1930ల మహా మాంద్యం ఎలా ఉండేదో చూసిన తర్వాత బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ ఏం చెప్పాడో వినండి, ఎంత తేడా ఉంటుందో మీకే తెలుస్తుంది.

నేను చెప్పే వరుస ఇది.

మొదట: మైఖేల్ గుడ్విన్ రాసి, డాన్ బర్ బొమ్మలు వేసిన "ఎకనామిక్స్" (2012). వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి, పేరు చివర ఇంగ్లీషులో ఎక్స్ అక్షరం ఉంటుంది, మామూలుగా రాస్తే పాఠ్యపుస్తకాలన్నీ వచ్చిపడతాయి. చరిత్రనీ ఆలోచనలనీ కలిపి నడిపిస్తుంది. 20వ శతాబ్దం వచ్చేసరికి కథ ఎక్కువగా అమెరికా చుట్టూనే తిరుగుతుంది, రచయిత తన అభిప్రాయాలు దాచుకోడు. రెండూ తెలిసి చదివితే ఇబ్బంది లేదు.

తర్వాత: యోరమ్ బామన్, గ్రేడీ క్లైన్ కలిసి చేసిన "ది కార్టూన్ ఇంట్రడక్షన్ టు ఎకనామిక్స్". మొదటి భాగం సూక్ష్మ అర్థశాస్త్రం (2010), అంటే మనుషులు, కంపెనీలు, మార్కెట్ల స్థాయిలో చూసేది; రెండోది స్థూల అర్థశాస్త్రం (2012), అంటే దేశం మొత్తాన్ని చూసేది. మొదటి భాగం అమరిక నాకు చాలా నచ్చింది: ముందు ఒక్క మనిషి నిర్ణయం ఎలా తీసుకుంటాడు, తర్వాత కొద్దిమంది ఎదురుపడితే ఏమవుతుంది, చివరికి ఎంతోమంది ఉన్న మార్కెట్ ఎలా నడుస్తుంది. ఆ వరుస చెడగొట్టకుండా చదవండి.

ఆ తర్వాతే: ఒక పక్షం తీసుకుని వాదించే పుస్తకాలు. డారిల్ కన్నింగ్‌హామ్ "సూపర్‌క్రాష్" (2014) 2008 ఆర్థిక సంక్షోభాన్ని, స్వార్థాన్నీ స్వేచ్ఛా మార్కెట్‌నీ సమర్థించిన రచయిత్రి అయన్ రాండ్ ఆలోచనలతో ముడిపెడుతుంది. మెక్సికో కార్టూనిస్ట్ రియస్ మార్క్స్ గురించి చేసిన పుస్తకం కూడా ఈ కోవలోదే. వీటిని ముందే చదివితే ఏది సంఘటనో, ఏది వాదనో విడదీయడం కష్టమవుతుంది. ముందు పునాది పడనివ్వండి.

డబ్బు పెట్టి కొనే ముందు చేయి తిరగడానికి ఏదైనా కావాలంటే, అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలో భాగమైన న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు విద్యార్థుల కోసం కామిక్ పుస్తకాలు తయారుచేసి ఉచితంగానే అందిస్తుంది. చిన్నవి, ఒక్కో పుస్తకం ఒక్క పూటలో అయిపోతుంది.

## 3. మొదటి చదువు: ఆగకుండా

ఒక అధ్యాయం తీసుకోండి. నోట్‌బుక్ మూసి పెట్టండి. ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివేయండి. అర్థంకాని చోట బెంగపడొద్దు.

ఇక్కడ చూడాల్సింది రెండే: కథ ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరానికి నడిచింది, ఎవరికి మేలు జరిగి ఎవరికి నష్టం జరిగింది. అధ్యాయం అవగానే పుస్తకం మూసి ఐదు వాక్యాల్లో చెప్పుకోండి, పైకి, గొంతెత్తి. మనసులో చెప్పుకుంటే తెలియనివన్నీ తెలిసినట్టే అనిపిస్తాయి.

## 4. రెండో చదువు: ఖాళీల దగ్గర ఆగడం

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, దీనికి ఎంత సమయం పట్టినా పట్టనివ్వండి.

అదే అధ్యాయం మళ్లీ తీయండి. ఈసారి ప్రతి ఖాళీ దగ్గరా ఆగక్కర్లేదు, ఒక బొమ్మ కారణంగా, పక్క బొమ్మ ఫలితంగా కనిపించిన చోట మాత్రమే ఆగండి. "అందువల్ల", "దాంతో", "చివరికి" లాంటి మాటలు కనిపిస్తే అది ఆగాల్సిన చోటే. ఒక అధ్యాయంలో అలాంటివి ఐదారు దొరికితే చాలు.

1929 ఉదాహరణే తీసుకుందాం. ముందు బొమ్మ: వాల్ స్ట్రీట్‌లో షేర్లు కూలాయి. తర్వాతి బొమ్మ: నిరుద్యోగుల బారు. అమెరికాలో 1933 నాటికి పనిచేసేవాళ్లలో దాదాపు నాలుగో వంతుకి ఉద్యోగాల్లేవు. మధ్య గడిలో ఏం రాస్తారు?

మొదటి ప్రయత్నంలో చాలామంది "జనం డబ్బు పోగొట్టుకున్నారు" అని రాస్తారు. సరిపోదు. మెట్టు మెట్టుగా రాయాలి:

1. షేర్లు కొనడానికి అప్పులు తెచ్చినవాళ్లు తిరిగి కట్టలేకపోయారు.
2. భవిష్యత్తు మీద భయంతో కుటుంబాలు పెద్ద ఖర్చులు వాయిదా వేశాయి, కంపెనీలు కొత్త పెట్టుబడులు ఆపేశాయి.
3. బ్యాంకులు మూతపడటం మొదలైంది. 1930 నుంచి 1933 మధ్య దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి.
4. బ్యాంకులతో పాటు జనం దాచుకున్న డబ్బూ పోయింది, దేశంలో చలామణీలో ఉన్న డబ్బు సుమారు మూడో వంతు తగ్గిపోయింది.
5. ధరలు పడిపోయాయి. ధరలు, జీతాలు పడిపోయినా అప్పు మాత్రం అంతే ఉంటుంది కాబట్టి అప్పు భారం పెరిగింది.
6. కొనేవాళ్లు లేక ఫ్యాక్టరీలు పని ఆపాయి. అప్పుడు ఆ బారు.

ఇప్పుడు ఈ మెట్లని జాగ్రత్తగా చూడండి. రెండో మెట్టు దగ్గర ఆగి ఇదే అసలు కారణమంటే మీరు కీన్స్ దారిలో ఉన్నారు, ఖర్చు తగ్గడమే రోగం అన్నమాట. నాలుగో మెట్టు అసలు కారణమంటే అది ఆర్థికవేత్తలు మిల్టన్ ఫ్రీడ్‌మన్, అన్నా ష్వార్ట్జ్ 1963లో చేసిన వాదన, డబ్బు అలా తగ్గిపోతుంటే కేంద్ర బ్యాంకు చూస్తూ ఊరుకుందని. ఐదో మెట్టు దగ్గర ఇంకో ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ ఉన్నాడు, అప్పులూ ధరల పతనమూ ఒకదాన్నొకటి లోతుకి లాగుతాయని 1933లోనే రాశాడు. ఒకే ఖాళీని ముగ్గురు మూడు రకాలుగా నింపారు. ఇది మొదటిసారి కాగితం మీద కనిపించిన రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది, అన్నాళ్లూ పేర్లుగా బట్టీపట్టిన సిద్ధాంతాలు ఒకే ప్రశ్నకి జవాబులుగా కనబడ్డాయి.

ఖాళీ నింపాక సరిచూసుకోండి:

- ప్రతి మెట్టులో ఎవరో ఒకరు ఏదో ఒక పని చేస్తున్నారా? "ఆర్థిక వ్యవస్థ దెబ్బతింది" అని రాస్తే కొట్టేయండి, ఎవరు ఏం చేశారో రాయండి.
- ఆ మనిషి అలా చేయడానికి కారణం ఉందా?
- ఒక మెట్టు తీసేస్తే గొలుసు తెగుతుందా? తెగకపోతే ఆ మెట్టు అక్కర్లేదు.
- ఇదే ఖాళీని ఇంకోలా నింపే వీలుందా?

ఇంకో ఖాళీ మీరే నింపడానికి ఇస్తున్నాను. 1923 జర్మనీ గురించిన ప్రతి కామిక్‌లోనూ నోట్ల కట్టలతో నిండిన తోపుడుబండి ఉంటుంది. ఆ ఏడాది నవంబరులో ఒక డాలరుకి 4.2 లక్షల కోట్ల మార్కులు. ముందు బొమ్మ నోట్లు అచ్చువేసే యంత్రం, తర్వాతి బొమ్మ తోపుడుబండి. "ఎక్కువ నోట్లు వేస్తే ధరలు పెరుగుతాయి" అన్నది సగం జవాబే. అన్ని నోట్లు ఎందుకు వేశారు? జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు జర్మనీలోని పారిశ్రామిక రూర్ ప్రాంతాన్ని ఆక్రమించాయి, అక్కడి కార్మికులు పని మానేసి ప్రతిఘటించారు, ప్రభుత్వం వాళ్లకి జీతాలు ఇస్తూ పోయింది, ఇవ్వడానికి పన్నుల ఆదాయం లేదు. మిగతా మెట్లు మీరు రాయండి. జనం చేతికి నోటు రాగానే ఎంత త్వరగా వదిలించుకోవాలని చూస్తారో మర్చిపోవద్దు, ఆ మెట్టు లేకపోతే లెక్క కుదరదు.

## 5. అంకెలు, గీతలు ఉన్న పేజీలు

ఇక్కడికి రాగానే చాలామంది పేజీ తిప్పేస్తారు. తిప్పొద్దు. సిద్ధాంతం ఉన్న పేజీలో ఒక్కో బొమ్మ ఒక్కో మార్పుని చూపిస్తుంది, మిగతావన్నీ కదలకుండా ఉంటాయి. పాఠ్యపుస్తకంలో ఒకే పటం మీద ఐదు గీతలు పడి ఉంటాయి, ఏది ముందు కదిలిందో తెలియదు. కామిక్‌లో తెలుస్తుంది. కాబట్టి ప్రతి బొమ్మ దగ్గరా ఒక్కటే అడగండి: "ఇంతకుముందు బొమ్మతో పోలిస్తే ఏది మారింది, ఏది మారలేదు?"

డిమాండ్ గీత (ఏ ధరకి జనం ఎంత కొంటారో చూపేది) విషయంలో ఈ ప్రశ్న ప్రాణం కాపాడుతుంది. ధర మారితే మనం అదే గీత మీద పైకో కిందకో జరుగుతాం. ఆదాయమో అభిరుచో మారితే గీతే పక్కకి జరుగుతుంది. ఈ రెండూ కలిపేసుకునేవాళ్లు ఎంతమందో. మీ నోట్‌బుక్‌లో రెండు వేరు వేరు బొమ్మలుగా గీసి పెట్టుకోండి, ఒకదాంట్లో చుక్క జరగాలి, ఇంకోదాంట్లో గీత జరగాలి.

అంకెలున్న చోట మీరే లెక్క చేయాలి. ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో ఇచ్చిన ఉదాహరణ దాదాపు ప్రతి కామిక్‌లోనూ వస్తుంది. కొంత గుడ్డ తయారుచేయడానికి ఇంగ్లండ్‌లో ఏడాదికి 100 మంది, కొంత వైన్‌కి 120 మంది కావాలి. అదే గుడ్డకి పోర్చుగల్‌లో 90 మంది, అదే వైన్‌కి 80 మంది చాలు. పోర్చుగల్ రెండిట్లోనూ మెరుగే. మరి ఇంగ్లండ్‌తో వ్యాపారం దేనికి?

లెక్క ఇలా చేయండి:

1. ఎవరి వైన్ వాళ్లు, ఎవరి గుడ్డ వాళ్లు చేసుకుంటే: ఇంగ్లండ్‌లో 220 మంది, పోర్చుగల్‌లో 170 మంది. పైన చెప్పిన "కొంత"ని ఒక వాటా అనుకుంటే, మొత్తం 2 వాటాల గుడ్డ, 2 వాటాల వైన్.
2. ఇంగ్లండ్ 220 మందినీ గుడ్డకే పెడితే: 220ని 100తో భాగిస్తే 2.2 వాటాల గుడ్డ.
3. పోర్చుగల్ 170 మందినీ వైన్‌కే పెడితే: 170ని 80తో భాగిస్తే 2.125 వాటాల వైన్.
4. మనుషులు అంతే, రెండు సరుకులూ పెరిగాయి.

ఎవరికి ఏ పని మిగతా పనితో పోలిస్తే చవకో దాన్నే చేసి, మిగతాది వ్యాపారంలో తెచ్చుకుంటే ఇద్దరికీ లాభమన్న ఈ ఆలోచన పేరే తులనాత్మక ప్రయోజనం, ఈ లెక్క మీ చేత్తో ఒకసారి చేస్తే దాన్ని జన్మలో మర్చిపోరు. ఆ తర్వాత మళ్లీ ఖాళీ దగ్గరికి రండి. వైన్ పని చేసే ఇంగ్లండ్ మనిషి పక్క బొమ్మలో గుడ్డ నేస్తూ కనిపిస్తాడు. ఆ పని ఎప్పుడు నేర్చుకున్నాడు, నేర్చుకునేదాకా ఏం తిన్నాడు? మొత్తం పెరిగిందని లెక్క చెబుతోంది, పెరిగింది ఎవరికి చేరిందో చెప్పడం లేదు. పైగా పెట్టుబడి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సులభంగా వెళ్లిపోదని రికార్డో అనుకున్నాడు. ఈ మూడూ మధ్య గడిలో రాసుకోండి, వ్యాపారం గురించి ఈరోజుకీ జరిగే గొడవల్లో సగం వీటి గురించే.

## 6. కాలరేఖ గీయడం

కామిక్‌లో పదేళ్లు ఒక్క బొమ్మలో అయిపోతాయి, ఒక్క రోజు మూడు పేజీలు తింటుంది. అందుకే చదివేవాళ్లకి కాలం లెక్క తప్పుతుంది.

పొడవాటి కాగితం మీద అడ్డంగా ఒక గీత గీయండి. గీతకి పైన సంఘటనలు, కింద ఆలోచనలు. మొదట ఈ గుర్తులు పెట్టుకుని, చదివేకొద్దీ కలుపుకుంటూ వెళ్లండి:

- పైన: 1602 డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ, 1929 షేర్ల పతనం, 1944 బ్రెటన్ వుడ్స్ ఒప్పందం (దేశాల కరెన్సీలని డాలరుతో ముడిపెట్టినది), 1971 డాలరుకి బంగారంతో ముడి తెగడం, 1973 చమురు సంక్షోభం, 2008 అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ పతనం.
- కింద (ఆ పుస్తకాలు వచ్చిన ఏళ్లు): 1776 ఆడమ్ స్మిత్ "వెల్త్ ఆఫ్ నేషన్స్", 1798 మాల్థస్ జనాభా వ్యాసం, 1817 రికార్డో, 1867 మార్క్స్ "పెట్టుబడి" మొదటి సంపుటం, 1936 కీన్స్ "జనరల్ థియరీ".

కాగితం మీద దూరాలు సంవత్సరాల లెక్క ప్రకారమే ఉండాలి, పదేళ్లకి ఇన్ని అంగుళాలని ముందే అనుకోండి.

దీని ఉపయోగం చూడండి. ఒక పేజీలో మాంద్యం, తర్వాతి పేజీలో కీన్స్, ఆ తర్వాత అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పనుల పథకాలు వరసగా వస్తే, కీన్స్ పుస్తకం చదివే రూజ్‌వెల్ట్ ఆ పథకాలున్న న్యూ డీల్ మొదలుపెట్టాడని మనసులో పడిపోతుంది. కాలరేఖ మీద పెట్టగానే తేలిపోతుంది: న్యూ డీల్ 1933లో మొదలైంది, ఆ పుస్తకం 1936లో వచ్చింది. అలాగే 1970ల అమెరికా ద్రవ్యోల్బణానికి చమురొక్కటే కారణంగా చూపించే బొమ్మలుంటాయి. ధరలు 1960ల చివర్లోనే వేగంగా పెరగడం మొదలైంది, చమురు దెబ్బ 1973లో పడింది. కారణం ఫలితానికి ముందు రావాలి కదా, ఆ ఒక్క సూత్రంతోనే ఎన్నో తప్పులు దొరుకుతాయి.

## 7. ముఖాలను పరీక్షించడం

కార్టూనిస్ట్ ఎవరినైనా ఒక ముఖంగా, ఒక మాటగా కుదించాలి. కామిక్ పని అదే. కానీ ఆ కుదింపు మీ జ్ఞానంగా మిగిలిపోకూడదు.

ఆడమ్ స్మిత్ బొమ్మ పక్కన "అదృశ్య హస్తం" (ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా, తెలియకుండానే అందరికీ మేలు జరగడం) లేకుండా ఏ కామిక్ ఉండదు. అతని 1776 పుస్తకంలో ఆ మాట ఒకే ఒక్కసారి వస్తుంది. అదే పుస్తకంలో సూదుల తయారీ ఉదాహరణ ఉంది, పని పంచుకున్న 10 మంది రోజుకి 48,000 గుండుసూదులు చేయగలరని మెచ్చుకుంటాడు. జీవితమంతా ఒకటి రెండు చిన్న పనులే చేస్తూ ఉంటే మనిషి బుద్ధి మొద్దుబారుతుందని కూడా అందులోనే హెచ్చరిస్తాడు. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు కలిశారంటే మాటలు ధరలు పెంచే కుట్ర దాకా వెళతాయనీ అంటాడు. నవ్వుతున్న ఒక్క ముఖంలో ఇవన్నీ పట్టవు.

1637 హాలండ్ తులిప్ పూల పిచ్చి, అంటే తులిప్ దుంపల ధరలు ఆకాశానికి ఎగిరి కూలిపోవడం, ఇంకో ఉదాహరణ. దేశం దేశమే దివాలా తీసిందన్నట్టు గీస్తారు, బొమ్మకి భలే అందం వస్తుంది. అప్పటి పత్రాలు తవ్వి చూసిన చరిత్రకారులకి అంత వినాశనం కనబడలేదు, నష్టం తక్కువమందికే పరిమితమైంది.

ప్రతి అధ్యాయానికీ ఇవి అడగండి:

- ఎవరిని పెద్దగా గీశారు, ఎవరిని చిన్నగా?
- వాదన జరిగే పేజీలో చివరి మాట ఎవరిది?
- ఓడిపోయిన పక్షం వాదన బలంగా చెప్పారా, వెక్కిరించి వదిలేశారా?
- అంకెకి సంవత్సరం, దేశం ఇచ్చారా?

చివరి ప్రశ్న ముఖ్యం. 1914లో కార్ల కంపెనీ యజమాని ఫోర్డ్ తన కార్మికులకి రోజుకి 5 డాలర్ల జీతం ప్రకటించాడని చదివితే ఎక్కువో తక్కువో తెలియదు. అప్పటి మామూలు జీతానికి అది దాదాపు రెట్టింపు అని తెలిస్తేనే ఆ బొమ్మకి అర్థం. పాత కాలపు డబ్బు కనిపించిన ప్రతిచోటా "అప్పటి మనిషి ఎన్ని రోజుల పనికి ఇది సమానం?" అని వెతికి పక్కన రాయండి.

## 8. మీ సొంత పేజీ గీయడం

బొమ్మలు రావని టెన్షన్ పడొద్దు. గుండ్రటి తల, నాలుగు గీతలు చాలు. ఒక విషయం మీకు వచ్చిందో లేదో తేల్చడానికి దీన్ని మించిన పరీక్ష నాకు దొరకలేదు, ఎందుకంటే గీసేటప్పుడు బొమ్మల మధ్య ఖాళీ మీ బాధ్యత అవుతుంది.

మొదటి పేజీకి బ్యాంకు మీద జనం ఎగబడటం తీసుకోండి. ఆరు బొమ్మలు:

1. జనం 100 దాచుకున్నారు. బ్యాంకు 10 పెట్టెలో ఉంచి, 90 కొన్నేళ్ల గడువుకి అప్పిచ్చింది.
2. బ్యాంకు మునిగిపోతోందని పుకారు.
3. ముందొచ్చినవాళ్లు 10 తీసుకెళ్లారు. పెట్టె ఖాళీ, బారు ఇంకా పెరిగింది.
4. బ్యాంకు తన 90 అప్పు పత్రాలని అవసరం కొద్దీ 60కే అమ్ముకుంది.
5. ఇవ్వాల్సింది 90, ఉన్నది 60. తలుపులు మూశారు.
6. పక్క బ్యాంకు ముందు బారు మొదలైంది.

ఇప్పుడు ఖాళీలు. రెండో బొమ్మకీ మూడో బొమ్మకీ మధ్య ఆగండి. పుకారు అబద్ధమని తెలిసినవాడు కూడా పరిగెత్తడం తెలివైన పనే, మిగతావాళ్లు పరిగెడతారు కాబట్టి వెనకబడితే తనకేమీ మిగలదు. బాగున్న బ్యాంకు కూడా ఇలా కూలిపోగలదని డగ్లస్ డైమండ్, ఫిలిప్ డిబ్విగ్ 1983లో సిద్ధాంతంగా చూపించారు, 2022 నోబెల్ వాళ్లకి వచ్చింది ఈ పనికే. అదే పేజీ మళ్లీ గీయండి, ఈసారి డిపాజిట్లకి ప్రభుత్వ బీమా ఉందనుకుని. గొలుసు ఎక్కడ తెగింది? సరిగ్గా ఆ ఖాళీలోనే. అమెరికా 1933లో డిపాజిట్ బీమా చట్టం తెచ్చింది అందుకే.

గీసిన పేజీని ఈ విషయం తెలియని ఒకరికి ఇచ్చి, మీరు నోరు తెరవకుండా, బొమ్మలు చూసి కథ చెప్పమనండి. ఎక్కడ తడబడితే అక్కడ ఇంకో బొమ్మ కావాలి.

## 9. తరచుగా జరిగే తప్పులు, సరిచేసుకునే దారులు

నోట్స్‌లో మాటల బుడగలు ఎత్తిరాయడం. అది నకలు. బుడగలో లేనిదే రాయాలని నియమం పెట్టుకోండి.

ప్రతి ఖాళీ దగ్గరా ఆగిపోవడం. రోజుకి రెండు పేజీలు కూడా కదలవు, పదో రోజుకి పుస్తకం మూలన పడుతుంది. అధ్యాయానికి ఐదారు చాలని మళ్లీ చెబుతున్నాను.

ఒకే పుస్తకాన్ని నమ్మేయడం. పూర్తిచేసిన ప్రతి పుస్తకం నుంచీ ఒక ఖాళీ ఎంచుకుని, దాన్ని వేరేలా నింపే ఇంకో పుస్తకంతో పోల్చండి. మాంద్యం గానీ 2008 సంక్షోభం గానీ దీనికి బాగా పనికొస్తాయి.

దుర్మార్గుడు దొరికాడని ఆగిపోవడం. సిగార్ నోట్లో పెట్టుకున్న లావుపాటి పెట్టుబడిదారుణ్ణి చూడగానే కారణం తెలిసిపోయినట్టు ఉంటుంది. దురాశ అన్ని కాలాల్లోనూ ఉంది, మరి సంక్షోభం ఆ ఏడాదే ఎందుకొచ్చింది? ఆ ప్రశ్నకి జవాబు రాసేదాకా మధ్య గడి పూర్తికానట్టే. ఏ నియమం మారింది, ఎవరి దగ్గర ఎంత అప్పు పేరుకుంది, వడ్డీ రేటు ఎటు కదిలింది, ఇవి వెతకండి.

కామిక్ దగ్గరే ఉండిపోవడం. ఒక అధ్యాయం గట్టిగా వచ్చాక, అందులో కనిపించిన అసలు రచన నుంచి ఒక్క అధ్యాయం చదవండి. స్మిత్ మొదటి మూడు అధ్యాయాలు చిన్నవి, సులువుగా సాగుతాయి. కీన్స్ "జనరల్ థియరీ"తో మాత్రం మొదలుపెట్టొద్దు, అది తోటి ఆర్థికవేత్తల కోసం రాసింది.

## 10. పది వారాల ప్రణాళిక

- 1 నుంచి 4 వారాలు: చరిత్ర పుస్తకం. వారానికి రెండు అధ్యాయాలు, ఒక్కోటి రెండుసార్లు. కాలరేఖ మొదటి రోజు నుంచే.
- 5, 6 వారాలు: సూక్ష్మ అర్థశాస్త్రం. అంకెలున్న ప్రతి పేజీకీ చేతి లెక్క.
- 7, 8 వారాలు: స్థూల అర్థశాస్త్రం. మొదటి నెలలో నింపిన ఖాళీలు మళ్లీ తీసి దిద్దండి, చాలా మారతాయి.
- 9వ వారం: ఒక పక్షం వాదించే పుస్తకం, చేతిలో ఏడో భాగంలోని ప్రశ్నలతో.
- 10వ వారం: సొంతంగా మూడు పేజీలు. ఒకటి చరిత్ర నుంచి, ఒకటి సిద్ధాంతం నుంచి, మూడోది ఒకే ఖాళీని ఇద్దరు ఆర్థికవేత్తలు వేరు వేరుగా నింపుతున్నట్టు.

ఒక వారం తప్పిపోతే కొత్త అధ్యాయం మొదలుపెట్టకండి. నోట్‌బుక్ తెరిచి, మధ్య గడిని చేత్తో మూసి, అటూ ఇటూ ఉన్న రెండు బొమ్మల పేర్లు మాత్రం చూస్తూ, మధ్యలో ఏం జరిగిందో పైకి చెప్పండి. మూడు ఖాళీలు తడుముకోకుండా చెప్పగలిగితే ఆగిన చోటి నుంచే వెళ్లొచ్చు, లేకపోతే ఆ అధ్యాయం రెండో చదువు ఇంకోసారి చేయండి.